తేట నీళ్ళ గ్లాసు

మా తమ్ముడు నఖ్లె ద్రాక్ష సారా అరక్‌ను మానేశాడన్న కబురు నాన్నకు ఇంట్లో ఎవరమూ చెప్పలేదు. మంగలి చెప్పాడు. నాన్న సగం గీసిన గడ్డంతో, మెడ చుట్టూ మంగలి తువ్వాలుతో అలాగే లేచి ఇంటికి వచ్చేశాడు. మేమప్పుడు లబ్నె పెరుగు, ఆలివ్ కాయలు పెట్టుకుని రొట్టె తింటున్నాం.

"ఏరా, ఊళ్ళో అంటున్నది నిజమేనా?"

"ఏమంటున్నారు నాన్నా?"

"నువ్వు నీళ్ళు తాగుతున్నావట!"

నాకు నవ్వు ఆగలేదు. నఖ్లె మాత్రం నవ్వలేదు. "నిజమే," అన్నాడు.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మొక్కుకున్నావా?"

"లేదు."

"ఏ పిల్లైనా వద్దందా?"

"ఎవరూ అనలేదు నాన్నా. నాకే వద్దనిపించింది."

"వద్దనిపించడమేమిట్రా!" అని నాన్న నావైపు తిరిగాడు. "జుమానా, మందుల షాపులో పనిచేస్తావు కదమ్మా, దీనికేమైనా మందుందేమో చూడు."

నాన్న బాధ నాకు అర్థంకాకపోలేదు. ద్రాక్ష కోతలయ్యాక మా పెరట్లో రాగి బట్టీ పొయ్యెక్కుతుంది. సోంపు గింజలు వేసి మూడుసార్లు దించిన మా ఇంటి అరక్‌కు లెబనాన్‌లోని మా జహ్లె ఊళ్ళో పేరుంది. అంతకన్నా పెద్ద పేరు మా తాతది. ఆయన జజల్ పాటగాడు. రెండు జట్లు బల్లల వెనక ఎదురెదురుగా కూర్చుని, డప్పు వాయిస్తుంటే అప్పటికప్పుడు పాట కట్టి ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవడమే జజల్. తాత ఒక చేత్తో గ్లాసు ఎత్తి, రెండో చెయ్యి చెవికి ఆనించి గొంతెత్తితే కొండ అవతలి ఊరి వాళ్ళు కూడా వంత పాడేవాళ్ళట. మా నఖ్లెకు తాత గొంతు వచ్చింది. దాంతోపాటే గ్లాసూ వచ్చింది. రెండూ విడదీయరానివని అందరిలాగే వాడూ అనుకున్నాడు.

వాడు మానేయడానికి కారణం గత్తాస్ నిశ్చితార్థం.

నేను, నఖ్లె, గత్తాస్, ఇస్కందర్ బడి రోజుల నుంచీ ఒక జట్టు. వాళ్ళు ముగ్గురూ ఒక ఈడు వాళ్ళు, నేను ఏడాది పెద్ద. శనివారం మధ్యాహ్నమైతే బర్దౌని నది ఒడ్డున మా బల్ల దగ్గర చేరేవాళ్ళం. ఇస్కందర్‌ది ఫోన్ల దుకాణం, పెద్ద నోరు, పెద్ద చెయ్యి. పోసే పని వాడిదే. ఎవరికి కావాలో వద్దో అడగడం మా జట్టులో లేదు. ముందు అరక్, తర్వాత నీళ్ళు, చివర్లో మంచు. నీళ్ళు తగిలి అరక్ పాలలా తెల్లబడగానే "కాసక్!" అని అందరం ఎత్తడమే. మొదటి గ్లాసుకు డాలరు ధర, కరెంటు కోత. రెండో గ్లాసుకు ఎకసెక్కాలు. మూడోది దిగితేనే మనసులో మాట బయటికొచ్చేది. ఇస్కందర్ వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా మూడో గ్లాసు దాకా ఆగి అప్పుడు ఏడ్చాడు. మధ్యలో వారమంతా ఫోన్లో పలకరించుకున్నా "ఎలా ఉన్నావు" అన్న మాటకు "బాగున్నా" తప్ప ఇంకో జవాబు ఉండేది కాదు.

గత్తాస్‌కు నత్తి. బేకరీ వాళ్ళ వ్యాను నడుపుతాడు. మాట మొదలుపెట్టి, ఒక అక్షరం దగ్గర ఆగి, దాన్ని అటూ ఇటూ తోసి, చివరికి ముందుకు కదులుతాడు. పక్క ఊరి అమ్మాయి హయాత్ వాణ్ణి ఇష్టపడింది. నిశ్చితార్థానికి వాళ్ళ చుట్టాలంతా వచ్చారు. భోజనాలు సాయంత్రం దాకా సాగాయి. నఖ్లె అప్పటికే చాలా తాగి ఉన్నాడు. ఎవరో డప్పు తెచ్చారు. "నఖ్లె, పాట! నఖ్లె, పాట!" అని అరిచారు. వాడు లేచి అందుకున్నాడు.

*ఫాదరు అడిగెను "పెళ్ళికి ఔనా?" అని*
*గత్తాసు మొదలెట్టె "ఔ... ఔ... ఔ..." అని*
*ఆ మాట ముగిసి గుడిగంట మోగేసరికి*
*మునిమనవలు పుట్టిరి పెళ్ళికూతురికి!*

పందిరి కప్పు లేచిపోయేలా నవ్వారు. మళ్ళీ పాడమన్నారు. మళ్ళీ పాడాడు. గత్తాస్ కూడా నవ్వాడు.

మర్నాడు నఖ్లెకు ఏమీ గుర్తులేదు. ఇస్కందర్ ఫోన్లో తీసిన వీడియో పంపి, "ఒరేయ్, ఇది నీ జన్మలో కట్టిన పాటల్లోకెల్లా గొప్పదిరా," అని రాశాడు. నఖ్లె వంటింట్లో నిలబడి చూశాడు. తన ముఖం చూసుకోలేదు వాడు. వీడియో అంచున గత్తాస్ కనిపిస్తున్నాడు. నోరు నవ్వుతోంది, చేతులు మాత్రం బల్ల అంచున కాగితం రుమాలును ముక్కలు ముక్కలుగా చింపుతున్నాయి. పక్కన హయాత్ వాళ్ళ అమ్మమ్మ కళ్ళు దించుకుని ఉంది. నఖ్లె చాలాసేపు చూసి, "అక్కా, నాతో రా," అన్నాడు.

బేకరీ వెనక గత్తాస్ రొట్టెల ట్రేలు సర్దుతున్నాడు. నఖ్లె క్షమించమన్నాడు. గత్తాస్ భుజం తట్టాడు.

"పో... పోనీలేరా. పాడింది నువ్వు కాదు. అ... అ... అరక్."

"అది కుదరదు," అన్నాడు నఖ్లె. "బాగా పాడిన రోజున నఖ్లె పాడాడంటారు. తప్పు పాడిన రోజున అరక్ పాడిందా? రెండూ నేనే పాడాను. లేకపోతే ఏదీ నేను పాడలేదు."

గత్తాస్ ట్రే ఎత్తి వ్యానులో పెట్టుకున్నాడు.

ఆ శనివారం ఇస్కందర్ సీసా వంచబోతే నఖ్లె గ్లాసు మీద చెయ్యి అడ్డుపెట్టాడు. "నాకు నీళ్ళు చాలు."

"దాహమా? ముందు నీళ్ళు తాగు, తర్వాత పోస్తాను."

"తర్వాత కూడా నీళ్ళేరా."

ఇస్కందర్ సీసా బల్ల మీద పెట్టేశాడు. తర్వాత మొదలైంది దండకం. "బిషప్ గారు వేంచేశారు, లేవండర్రా!" "ఏమ్మా, ఎన్నో నెల?" "ఒరేయ్, నదిలో చేపలు ఫిర్యాదు చేస్తున్నాయిరా, వాటి నీళ్ళన్నీ వీడే తాగేస్తున్నాడట!" నఖ్లె నవ్వి ఊరుకున్నాడు. కాసేపటికి ఎకసెక్కాలు అయిపోయాయి. అసలు ఇబ్బంది అప్పుడు మొదలైంది. ఎవరి గ్లాసు వాళ్ళకు బరువెక్కింది. ఇస్కందర్ మూడోది పోసుకుంటూ నఖ్లె వైపు చూశాడు.

"లెక్కపెడుతున్నావా?"

"లేదురా."

"మరి అలా చూస్తావేం?"

"నువ్వు మాట్లాడుతుంటే వింటున్నా."

"అలా వినకు. చిరాగ్గా ఉంది."

అదీ అసలు సంగతి. మేము ఎప్పుడూ అందరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం. ఒకడు ఊరికే వింటూ కూర్చుంటే ఏం చెయ్యాలో మాకు తెలియలేదు. నేను తాగుతూనే ఉన్నాను, ఇప్పటికీ ఒకటి తాగుతాను. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరినీ అనలేదు. అనకపోయినా అన్నట్టే ఉండేది అందరికీ.

తర్వాతి శనివారాలు వాడు డ్రైవరయ్యాడు. "ఎలాగూ నువ్వు తాగవుగా" అని అందరినీ ఇళ్ళ దగ్గర దింపే పని వాడి మీద పడింది. ఆ తర్వాత ఆ పిలుపూ ఆగిపోయింది. మా నలుగురి వాట్సాప్ గ్రూపు చడీచప్పుడు లేకుండా పడి ఉంది. ఒకరోజు నా ఫోన్ మోగింది. ఇస్కందర్ కొత్త గ్రూపు పెట్టాడు. నన్ను కలిపాడు, తన దుకాణం పక్క వాళ్ళిద్దరిని కలిపాడు. నఖ్లె లేడు. నేను వెంటనే అందులోంచి బయటికొచ్చి ఇస్కందర్‌కు ఫోన్ చేశాను.

"సిగ్గులేదురా నీకు?"

"అదికాదు జుమానా, వాడొస్తే... ఎలా చెప్పను... నాకు మాట రావట్లేదే."

వాడు అబద్ధం చెప్పలేదు. అయినా కోపం తగ్గక ఫోన్ పెట్టేశాను.

మాట రానిది ఇస్కందర్‌కు ఒక్కడికే కాదు. మా పెద్దమ్మ మనవడి బాప్తిస్మం విందులో నఖ్లెను పాడమన్నారు. లేచాడు, చెయ్యి చెవికి ఆనించాడు. డప్పు దరువు ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. వాడి నోట ఏమీ రాలేదు. "మన్నించండి," అని కూర్చున్నాడు. వెనకెవరో, "నూనె లేని దీపం ఎలా వెలుగుతుంది?" అన్నారు. నాన్న ఆ మాట విన్నాడు. దారిలో కారు అద్దంలోంచి కొడుకు ముఖం చూస్తూ ఒకే మాట అన్నాడు. "ఒక్క గ్లాసు. పాట కోసం. ఎవరూ ఏమీ అనుకోరు."

"నేననుకుంటాను నాన్నా," అన్నాడు వాడు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు బేకరీ వ్యాను ఆగింది. గత్తాస్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎ... ఎక్కు."

నఖ్లె పనిచేసే టైల్సు దుకాణం, నా మందుల షాపు రెండూ వాడి రొట్టెల దారిలోనే ఉన్నాయి. నేను వెనక వేడి వేడి రొట్టెల మధ్య కూర్చున్నాను, నఖ్లె ముందు కూర్చున్నాడు. వ్యాను మలుపు తిరిగాక గత్తాస్ చెప్పాడు, "నే... నేనొక పాదం అంటాను. నువ్వు జ... జవాబు చెప్పు."

"నాకు రావట్లేదురా."

"నా... నాకూ రాదు. ఇ... ఇరవై ఆరేళ్ళుగా. అయినా మా... మాట్లాడుతున్నా కదా."

గత్తాస్ ఒక పాదం అందుకున్నాడు. ద్రాక్ష తోట మీద, ఏదో మామూలు పాదమే. అది పూర్తికావడానికి బజారు దాటి గుడి దాకా పట్టింది. మధ్యలో నఖ్లె అలవాటుగా, "'తోటలో' అంటావు, అంతేనా?" అని అందించబోయాడు. గత్తాస్ స్టీరింగు మీద గట్టిగా చరిచాడు.

"చూ... చూశావా! ఎప్పుడూ ఇదే. నా మాట నువ్వే ము... ముగిస్తావు. నేను అనబోయింది 'తోటలో' కాదు."

"మరేమిటి?"

"ఆ... ఆగు. చెబుతాను."

నఖ్లె ఆగాడు. నేను వాడి మెడ వెనక భాగం చూస్తూ కూర్చున్నాను. వినడానికి అంత కష్టపడుతున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. గత్తాస్ పాదం ముగించాడు. నిజంగానే అది తోట గురించి కాదు, తోటకు కాపలా ఉండే చెవిటి కుక్క గురించి. ముగ్గురం ఒక్కసారిగా నవ్వాం. ఆ రోజు నఖ్లె జవాబు చెప్పలేకపోయాడు. మర్నాడూ చెప్పలేకపోయాడు. ఆ వారం చివర్లో మందుల షాపు ముందు నేను దిగుతుంటే, వెనక నుంచి రెండు పాదాలు వినిపించాయి. ఏమంత గొప్పవి కావు. కానీ నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాడి పాత పాటలు తూటాల్లా వచ్చేవి. ఇవి అలా రాలేదు. ఎదుటివాడి మాటను చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, తిరిగి ఇచ్చినట్టున్నాయి.

ఎండాకాలమంతా ఆ వ్యాను అలాగే నడిచింది.

సెప్టెంబరులో ద్రాక్ష పండుగ వచ్చింది. ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలో జజల్ పోటీ. మా ఊరి జట్టులో ఒక పాటగాడు జబ్బు పడ్డాడు. తాత పేరు మీద నఖ్లెను పిలిచారు. ఎదుటి జట్టు కొండ ఊరి వాళ్ళు. వాళ్ళ పెద్ద అబూ నిమ్ర్, తెల్ల మీసాల మనిషి. తాతతో తలపడి ఓడినవాడు, గెలిచినవాడు కూడా.

పోటీకి ముందు నిర్వాహకుడు నఖ్లెను పక్కకు పిలిచాడు. "బాబూ, బల్ల మీద అందరి ముందూ తెల్ల గ్లాసే ఉండాలి, చూడ్డానికి బాగుండదు. నీళ్ళలో కాస్త మజ్జిగ కలిపి పెడతాం. ఎవరికీ తెలియదు."

"పాట పాడేచోట దొంగ గ్లాసు ఎందుకండీ?" అన్నాడు నఖ్లె. వరసగా ఉన్న తెల్ల గ్లాసుల మధ్య ఒక తేట గ్లాసు పెట్టుకుని కూర్చున్నాడు. డప్పు గత్తాస్ చేతిలో ఉంది. నాన్న మూడో వరసలో, చేతులు కట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా ఉన్నాడు. ఇస్కందర్ కూడా వచ్చాడు. గోడ పక్కన, తన కొత్త స్నేహితులతో.

అబూ నిమ్ర్ కళ్ళు ఆ గ్లాసు మీద పడకుండా ఉంటాయా? గ్లాసు ఎత్తి, మీసం దువ్వి, అందుకున్నాడు.

*నీళ్ళ గ్లాసు పట్టి నిలిచె చూడు మొనగాడు*
*నదిలోని చేపకు నాలుకొచ్చె నేడు!*
*తాతేమొ సారాతో తారలను దించినాడు*
*మనవడేమొ నీళ్ళతో మడమలు కడిగినాడు!*

ఆవరణ గొల్లుమంది. చివరి పాదాన్ని జనం మూడుసార్లు వంత పాడారు. నాన్న మెడ ఎర్రబడింది. నఖ్లె లేచి, చెయ్యి చెవికి ఆనించాడు. డప్పు దరువు ఒక చుట్టు తిరిగింది. వాడు నోరు విప్పలేదు. మళ్ళీ తిరిగింది. "అయిపోయిందిరా!" అని ఎవరో అరిచారు. నాకు బాప్తిస్మం విందు కళ్ళ ముందు మెదిలింది. కానీ వాడు భయపడ్డ మనిషిలా లేడు. వ్యానులో గత్తాస్ మాట పూర్తయ్యేదాకా ఎలా కూర్చునేవాడో అలా నిలబడి ఉన్నాడు. గత్తాస్‌కు అది తెలుసు. ఏమాత్రం తొందరపడకుండా, ఏమాత్రం తగ్గకుండా డప్పు వాయిస్తూనే ఉన్నాడు. జనం నవ్వు సద్దుమణిగింది. ఊరికే ఉన్న మనిషిని చూసి ఆవరణ కూడా ఊరుకుంది. అప్పుడు పాడాడు.

*తీగ తాగిన నీరె తీయని ద్రాక్షాయె*
*నా నీరు కలిసాకె నీ సారా పాలాయె*
*తాత నాకిచ్చినది సీసా కాదయ్యా*
*తప్పొస్తే "నాది" అనే నాలుక ఇచ్చెనయ్యా!*

చివరి పాదం అబూ నిమ్ర్‌ను చూసి పాడలేదు. డప్పు వైపు తిరిగి, గత్తాస్‌ను చూసి పాడాడు. నిశ్చితార్థానికి వచ్చినవాళ్ళు ఆ గుంపులో చాలామందే ఉన్నారు, వాళ్ళకు అర్థమైంది. హయాత్ వాళ్ళ అమ్మమ్మ కర్ర నేలకేసి కొట్టింది. ఒక క్షణం ఎవరూ వంత అందుకోలేదు. అప్పుడు గోడ పక్క నుంచి ఒక పెద్ద గొంతు లేచింది. "తప్పొస్తే 'నాది' అనే నాలుక ఇచ్చెనయ్యా!" ఇస్కందర్. రెండోసారికి ఆవరణంతా అందుకుంది. గుడి గూటి పావురాలు ఎగిరిపోయాయి.

అబూ నిమ్ర్ కాసేపు తల ఊపుతూ విన్నాడు. తర్వాత ఖాళీ గ్లాసులో నీళ్ళు కలపని అరక్ పోసుకుని, బల్ల మీదుగా వంగి నఖ్లె ముందు చాపాడు.

"అయితే నీ నీళ్ళే పొయ్యి నాయనా. నీ తాత కూడా నాకింత మంచి జవాబు ఇవ్వలేదు."

నఖ్లె తన గ్లాసు వంచాడు. ముసలాయన గ్లాసు పాలలా తెల్లబడింది. "కాసక్," అన్నాడు ఆయన. నఖ్లె మిగిలిన నీళ్ళు ఎత్తి ఆయన గ్లాసుకు తాకించాడు.

ఆ రోజు పోటీ ఎవరు గెలిచారంటే, మర్యాదగా చెప్పాలంటే కొండ ఊరి వాళ్ళే. చివరి రెండు విడతలూ వాళ్ళవే. మా ఊళ్ళో ఎవరినైనా అడగండి, వేరే జవాబు వస్తుంది.

పోటీ అయ్యాక ఇస్కందర్ వచ్చి మా ముందు నిలబడ్డాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"శనివారం వస్తావా?" అని అడిగాడు.

"వస్తే చిరాకు పడతావుగా."

"పడతాను. అయినా రా."

వెళ్ళాం. మొదట్లో కష్టంగానే ఉండేది. కానీ ఇస్కందర్ ఇప్పుడు సీసా వంచేముందు ఒక్కొక్కరినీ "నీకేం పొయ్యను?" అని అడుగుతాడు. చిన్న మాటే. అడగడం మొదలుపెట్టాక, ఇప్పుడు గత్తాస్ వెంట వస్తున్న హయాత్ నిమ్మరసం అంది, నేను ఒకటి చాలన్నాను. ఒక శనివారం ఇస్కందర్, గ్లాసు ఇంకా ముట్టుకోకుండానే, దుకాణం సరిగా నడవడం లేదని, అమ్మకు చూపు తగ్గుతోందని చెప్పాడు. ఎవరమూ మధ్యలో అందుకోలేదు. వాడు ముగించేదాకా ఆగాం.

ఇక నాన్న. పోటీ నుంచి ఇంటికొచ్చి కోళ్ళకు గింజలు వేసి పడుకున్నాడు. మర్నాడు పొద్దున బీరూట్ నుంచి ఒక బేరగాడు మా అరక్ రుచి చూడటానికి వచ్చాడు. నాన్న అతనికి ఒక గ్లాసు కలిపి ఇచ్చి, మా ద్రాక్ష ఎక్కడిదో, సోంపు ఎక్కడిదో, మూడోసారి దించేటప్పుడు మంట ఎంత సన్నగా ఉండాలో ఎప్పటిలాగే వివరంగా చెప్పాడు. అంతలో నఖ్లె పనికి బయల్దేరుతూ గుమ్మంలోకి వచ్చాడు. బేరగాడు మర్యాదకు వాడికీ ఒక గ్లాసు జరిపాడు.

నాన్న ఆ గ్లాసును మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"మావాడు తాగడండీ," అన్నాడు. మూడుసార్లు దించిన అరక్ గురించి చెప్పేటప్పుడు ఉండే గొంతే అది.